పేర్లు మాయమైన లైన్ డయాగ్రం: ఒక కోనసీమ నివేదిక కేస్ స్టడీ

"మా లాప్‌టాప్‌లో శుభ్రంగా కనపడతందండి. ఆఫీసులో తెరిస్తే డబ్బాలున్నాయి, పేర్లు లేవు. ఆయ్, ఒక్క పేరూ లేదు." ఫైల్ పంపుతూ నీటి సంఘం అధ్యక్షుడు గారు ఫోన్‌లో చెప్పింది ఇంతే. ఫైల్ తెరిచి చూస్తే పేర్లు పోవడం ఒక్కటే కాదు, కనీసం అయిదారు జబ్బులు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి. వాటిని విడదీసి సరిచేసిన తీరు రాస్తున్నాను. డీటీపీ చేసేవాళ్లకీ, రిపోర్టుల్లో బొమ్మలు పెట్టాల్సి వచ్చే ఇంజినీరింగ్ పిల్లలకీ పనికొస్తుందనుకుంటున్నాను.

నివేదిక సంగతి ముందు చెప్పాలి. ఊరు గోదావరి మధ్య డెల్టాలో సముద్రం వైపు, కాలువ చివర. సార్వాలో (ఖరీఫ్) ముంపు, దాళ్వాలో (రబీ) నీటి ఎద్దడి. రెండూ ఒకే చేలకి. పంట కాలువ పూడిపోయి నీరు శివారుకి రాదు, మురుగు కోడు గుర్రపుడెక్కతో నిండి నీరు బయటికి పోదు. 2011లో పంట విరామం దాకా వెళ్లిన ప్రాంతం ఇది, కాబట్టి వినతిపత్రాలు వీళ్లకి కొత్త కాదు. ఈసారి మాత్రం మాటలతో సరిపెట్టకుండా లైన్ డయాగ్రం పెట్టాలనుకున్నారు. ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన పెన్సిల్‌తో గీసిచ్చారు. అధ్యక్షుడు గారి మనవరాలు ఇంజినీరింగ్ చదువుతోంది, ఆ అమ్మాయి దాన్ని డ్రా.ఐఓ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించింది. నివేదిక మాటర్ దగ్గర్లోని డీటీపీ సెంటర్‌లో వర్డ్‌లో కొట్టించారు. చివరికి బొమ్మని వర్డ్‌లో పెట్టారు.

లైన్ డయాగ్రం అంటే మ్యాపు కాదు. కాలువ ఎన్ని వంపులు తిరిగినా కాగితం మీద తిన్నటి గీతే. హెడ్ (కాలువ మొదలు) నుంచి శివారు దాకా ఆ గీత వెంట ఎడమ గట్టు తూములు ఎడమవైపు, కుడి గట్టువి కుడివైపు, పక్కన హెడ్ నుంచి దూరం, దాని కింద ఎన్ని ఎకరాల ఆయకట్టు, ఎక్కడ లాకు, ఎక్కడ వంతెన, మురుగు కాలువ ఎక్కడ దాటుతుంది అన్నవి రాస్తారు. స్కేలు ఉండదు. ఇరిగేషన్ ఇంజినీరు ఎవరైనా దీన్ని చూసి మాట్లాడతారు. పేర్లూ అంకెలూ పోతే ఇక మిగిలేది నిచ్చెన లాంటి గీతలే. అందుకే అధ్యక్షుడు గారికి అంత టెన్షన్.

సాఫ్ట్‌వేర్ జోలికి వెళ్లకముందు నేనడిగింది వేరే. ఈ ఫైల్‌ని ఎవరు తెరుస్తారు, ఏ కంప్యూటర్‌లో, ఏ ప్రింటర్ మీద తీస్తారు, ఎన్నిసార్లు జిరాక్స్ అవుతుంది? జవాబులు ఇలా వచ్చాయి. ఇరిగేషన్ ఆఫీసు వాళ్లు పీడీఎఫ్ ఒక్కటే చాలదన్నారు, వర్డ్ ఫైలే కావాలన్నారు. బొమ్మని తీసి వాళ్ల నోట్‌లో పెట్టుకుంటారట. అక్కడి వర్డ్ పాతది. ప్రింటు బ్లాక్ అండ్ వైట్. దాన్నే జిరాక్స్ తీసి పైకి పంపుతారు. సంఘం సభ్యులకి వాట్సాప్‌లో వెళ్తుంది. ఈ నాలుగు ముక్కలూ తెలిశాక సగం నిర్ణయాలు వాటంతటవే అయిపోయాయి. బొమ్మకి ఏ ఫార్మాట్ మంచిదని నన్ను తరచూ అడుగుతుంటారు. నేను మాత్రం దారిలో అన్నిటికంటే పాత యంత్రం ఏదో కనుక్కుని, అది తట్టుకోగలిగేదే ఇస్తాను.

ఇక పేర్ల సంగతి. అమ్మాయి బొమ్మని ఎస్‌వీజీగా ఎక్స్‌పోర్ట్ చేసింది. ఎస్‌వీజీలో గీతలు లెక్కలుగా ఉంటాయి కాబట్టి ఎంత పెంచినా మసకబారవు, ఆ ఎంపికలో తప్పేం లేదు. చిక్కు లేబుళ్లలో ఉంది. డ్రా.ఐఓ బ్రౌజర్ పద్ధతిలో నడుస్తుంది. గడిలో రాసిన పేరు, మామూలు అమరికల్లో, వెబ్ పేజీ ముక్కలా తయారవుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసినప్పుడు ఆ ముక్క 'ఫారిన్ ఆబ్జెక్ట్' అనే సంచిలో ఎస్‌వీజీ లోపలికి వెళ్తుంది. బ్రౌజర్‌కి ఆ సంచి విప్పడం తెలుసు. వర్డ్‌కీ, ఇంక్‌స్కేప్ అనే గీతల బొమ్మల సాఫ్ట్‌వేర్‌కీ తెలియదు. అందుకని గడులు గీసి లోపలి మాటని వదిలేస్తాయి. బొమ్మ కింద చిన్న అక్షరాల్లో 'టెక్స్ట్ ఈజ్ నాట్ ఎస్‌వీజీ, కెనాట్ డిస్‌ప్లే' అని ఒక వాక్యం కూడా వచ్చింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. "లాప్‌టాప్‌లో కనపడతంది" అన్నది నిజమే, ఎందుకంటే వాళ్లు చూసింది ఎస్‌వీజీ ఫైల్‌ని క్రోమ్‌లో.

మందు డ్రా.ఐఓలోనే ఉంది. అన్నీ సెలెక్ట్ చేసి, కుడిపక్క టెక్స్ట్ ప్యానెల్‌లో 'వర్డ్ ర్యాప్', 'ఫార్మాటెడ్ టెక్స్ట్' అనే రెండు టిక్కులూ తీసేయాలి. అప్పుడు లేబుల్ మామూలు ఎస్‌వీజీ అక్షరంగా వెళ్తుంది, వర్డ్‌లో కనపడుతుంది. ఊరికే రాదు మరి. వర్డ్ ర్యాప్ పోగానే పొడుగు లేబుళ్లు గడి దాటి బయటికి పాకాయి. 'కుడి గట్టు తూము, శివారు ఆయకట్టు' అన్నది పక్క గడి మీదకెక్కి కూర్చుంది. ఒక్కో లేబుల్‌ని చేత్తో విరగ్గొట్టాలి. లేబుల్ మధ్యలో ఒక్క మాటని బోల్డ్ చేసి ఉంటే అదీ పోతుంది. అమ్మాయికి ఫోన్ చేసి "ఏమ్మా, ఒక్కో గడిలో రెండు వరసలకి మించకుండా పేర్లు కుదించగలవా?" అంటే, "సరే అన్నయ్యా, ఎకరాలన్నీ టేబుల్‌లోకి తీసేస్తాను, ఇక్కడ తూము నంబరు ఉంటే చాలు కదా" అంది. నా సలహా కన్నా అదే మేలైన పని. బొమ్మలో అంకెలు ఎంత తగ్గితే అంత మంచిది.

పేర్లు వచ్చాయి గానీ కుదురుగా రాలేదు. డ్రా.ఐఓలో ఫాంట్ మార్చకపోతే హెల్వెటికా ఉంటుంది. అందులో తెలుగు లేదు. తెరిచిన కంప్యూటర్ తన దగ్గరున్న ఏదో ఒక తెలుగు ఫాంట్ తెచ్చి పెడుతుంది. విండోస్ 8 నుంచి వచ్చిన వాటిలో నిర్మల యూఐ, అంతకన్నా పాతవాటిలో గౌతమి, ఫోన్‌లో మరోటి. ఒక్కో ఫాంట్‌కి వెడల్పు వేరు, ఎత్తు వేరు. ఇక్కడ సరిపోయిన పేరు అక్కడ గడి దాటుతుంది. తెలుగుకి ఇంకో ఇబ్బంది కింది వత్తులు. 'బొబ్బర్లంక'లో బ వత్తు, ల వత్తు గీత కిందికి దిగుతాయి. ఇంగ్లీషు కొలతలతో గీసిన గడిలో అవి అంచుకి తగిలి సగం కోసుకుపోయాయి. 'లొల్ల లాకులు' చూడ్డానికి 'లొల లాకులు' అయింది. మా కోనసీమ వాళ్లు ఎలాగో పోల్చుకుంటారు, బయటివాళ్లకి ఎలా తెలుస్తుంది?

దీనికి రెండు పనులు చేశాం. మొదటిది, గడుల ఎత్తు పెంచి, అన్ని లేబుళ్లకీ ఒకే తెలుగు ఫాంట్ పేరు పెట్టడం. మండలి వాడాం, ఉచితంగా దొరుకుతుంది, చిన్న సైజులో కూడా వత్తులు విడివిడిగా కనపడతాయి. రెండోది, బొమ్మ పూర్తయ్యాక ఇంక్‌స్కేప్‌లో తెరిచి అన్నీ సెలెక్ట్ చేసి 'ఆబ్జెక్ట్ టు పాత్' కొట్టడం. దాంతో అక్షరాలు అక్షరాలుగా ఉండవు, వంపు గీతలైపోతాయి. ఏ కంప్యూటర్‌లో ఏ ఫాంట్ లేకపోయినా రూపు చెడదు. అయితే తర్వాత ఆ ఫైల్‌లో పేరు దిద్దలేం, వెతకలేం. కాబట్టి అసలు డ్రా.ఐఓ ఫైల్ విడిగా దాచాల్సిందే. పాత్‌గా మార్చిన ఫైల్‌లోనే దిద్దుబాట్లు చేద్దామని కూర్చున్నవాళ్లని చూశాను. చివరికి మొదటినుంచీ గీసుకోవాల్సి వచ్చింది పాపం.

అక్షరాల గురించే ఇంకో మాట. డీటీపీ సెంటర్ వాళ్లు మాటర్‌ని అను ఫాంట్లలో కొట్టారు. అను అక్షరాలు తెరమీద తెలుగులా కనపడినా లోపలంతా ఇంగ్లీషు అక్షరాల కోడే. ఆ పేర్లనే కాపీ చేసి డ్రా.ఐఓలో పేస్ట్ చేస్తే అర్థంలేని గుర్తులొచ్చాయి. అమ్మాయి అక్కడితో విసిగి పేర్లన్నీ మళ్లీ టైపు చేసిందట. ఫలితం, నివేదికలో ఒక స్పెల్లింగు, బొమ్మలో ఇంకో స్పెల్లింగు. మాటర్‌ని యూనికోడ్‌లోకి (తెలుగు అక్షరాలకి సొంత కోడు ఉన్న పద్ధతి) మార్పించి, తూముల పేర్ల జాబితా ఒకటి తయారుచేసి, రెండుచోట్లా అందులోంచే తీసుకోమన్నాను.

తర్వాతి జబ్బు చూడ్డానికి మరీ విచిత్రం. వర్డ్‌లో ఒక చోట బొమ్మ ఉండాల్సిన జాగాలో సన్నని పట్టీ మాత్రమే కనపడుతోంది. లైన్ డయాగ్రం అడుగు భాగం, ఒక వేలు మందాన. బొమ్మ పాడైందనుకుని వాళ్లు తీసి పెట్టి, తీసి పెట్టి అలిసిపోయారు. బొమ్మకి ఏం కాలేదు. అసలు సంగతి పేరాలో ఉంది. లైన్ స్పేసింగ్ 'ఎగ్జాక్ట్‌లీ' 18 పాయింట్లని ఉంది. తెలుగు డీటీపీలో ఇది అలవాటు, దానికి కారణమూ ఉంది. వత్తులున్న వరస ఎత్తుగా, లేని వరస పొట్టిగా వచ్చి పేజీ గతుకుల రోడ్డులా ఉంటుందని, అన్ని వరసలకీ ఒకే ఎత్తు బిగించేస్తారు. అదే పేరాలో బొమ్మ పెడితే వర్డ్ దానికీ 18 పాయింట్లే ఇస్తుంది. మిగతాది పైన దాక్కుంటుంది. లైన్ స్పేసింగ్ 'సింగిల్' చెయ్యగానే బొమ్మ మొత్తం వచ్చేసింది. కానీ ఒక్కచోట మారిస్తే సరిపోదు, రేపు ఎవరో అంతా సెలెక్ట్ చేసి మళ్లీ ఎగ్జాక్ట్‌లీ కొడతారు. అందుకే బొమ్మకి విడిగా ఒక స్టైల్ చేశాను. సింగిల్ స్పేసింగ్, మధ్యకి సర్ది, 'కీప్ విత్ నెక్స్ట్' పెట్టి. కింద శీర్షికకి ఇంకో స్టైల్. బొమ్మ ఒక పేజీలో, దాని శీర్షిక తర్వాతి పేజీ నెత్తిన పడటం దీంతో ఆగింది.

బొమ్మని అక్షరంలా వరసలోనే ఉంచాను, 'ఇన్ లైన్ విత్ టెక్స్ట్'. చుట్టూ మాటర్ తిరిగేలా తేలే బొమ్మ పత్రికలకి బాగుంటుంది. పదిమంది చేతులు పడే నివేదికలో మాత్రం పైన ఒక పేరా చేరగానే తేలే బొమ్మ ఎటో పోతుంది, ఒక్కోసారి టేబుల్ మీద వాలుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది సైజుకే. అమ్మాయి గీసిన కాన్వాసు చాలా పెద్దది. బొబ్బర్లంక హెడ్ స్లూయిజ్ నుంచి లొల్ల లాకులు, అక్కణ్ణించి తమ కాలువ, చివరి బోదె (చేలకి నీరు తీసుకెళ్లే పిల్ల కాలువ) దాకా అన్నీ ఒకే బొమ్మలో. లేబుళ్ల సైజు 12. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు. రెండు పక్కలా 25 చొప్పున మార్జిన్ పోతే మిగిలేది 160. బొమ్మ దానికి మూడు రెట్లుంది. వర్డ్‌లో పెట్టగానే మూడో వంతుకి కుదించుకుపోయి 12 కాస్తా 4 అయింది. ఇంగ్లీషు 4 పాయింట్లలో కళ్లు చికిలించి చదవొచ్చేమో గానీ, తెలుగులో క్ష, త్త, ర్ల అన్నీ సిరా చుక్కలే. ఎంత నాణ్యంగా ఎక్స్‌పోర్ట్ చేసినా ఇది పోదు. చాలామంది బొమ్మ మసగ్గా ఉందనేది దీన్నే. అసలు కారణం మసక కాదు, చిన్నది కావడం.

పేజీని అడ్డంగా తిప్పుదామని అధ్యక్షుడు గారు అన్నారు. సెక్షన్ బ్రేకులు పెట్టి ఒక్క పేజీని ల్యాండ్‌స్కేప్ చెయ్యొచ్చు. అప్పుడూ లేబుళ్లు 6 దగ్గరే ఆగిపోతాయి. పైగా ఆఫీసు కాగితాల కట్టలో ఒక పేజీ అడ్డం తిరిగి ఉంటే ఎవరూ తిప్పి చూడరు. పెద్దాయనతో మాట్లాడి బొమ్మని రెండుగా కోశాం. మొదటిది చిన్న సూచిక బొమ్మ, ధవళేశ్వరం దగ్గరి బ్యారేజీ నుంచి తమ కాలువ చీలే చోటు దాకా. పేర్లు తక్కువ. బ్యారేజీ దగ్గర నాలుగు భాగాలు, ధవళేశ్వరం 70 గేట్లు, ర్యాలి 43, మద్దూరు 23, విజ్జేశ్వరం 39, మొత్తం 175 అని అమ్మాయి వివరంగా గీసింది. ముచ్చటగా ఉందిగానీ ఈ నివేదికకి అక్కర్లేదు. ఇరిగేషన్ వాళ్లకి బ్యారేజీ గేట్లు మనం లెక్కపెట్టి చెప్పాలా? తీసేయమంటే కాస్త చిన్నబుచ్చుకుంది. రెండోది అసలు బొమ్మ, తమ కాలువ మాత్రమే, హెడ్ పైన శివారు కింద, నిలువుగా. లైన్ డయాగ్రంకి స్కేలు లేదు కాబట్టి గీతని నిలువుగా గీసినా అడ్డంగా గీసినా ఒకటే. ఈ చిన్న సంగతి ముందే తట్టి ఉంటే పేజీ తిప్పే చర్చే ఉండేది కాదు. కాన్వాసుని కూడా మార్జిన్ల మధ్య జాగా సైజుకే పెట్టి అందులోనే మళ్లీ సర్దింది. ఇప్పుడు 9కి తగ్గిన లేబుల్ లేదు.

రంగుల మాట తేలిగ్గా తెమిలింది. పంట కాలువ నీలం, మురుగు కాలువ ఎరుపు, రెండూ జిరాక్స్‌లో ఒకే బూడిద రంగు. పంట కాలువని మందమైన నిండు గీతగా, మురుగుని తెగతెగ గీతగా మార్చాం. రంగులు ఉంచాం, ఫోన్‌లో చూసేవాళ్ల కోసం. సన్నగీతలన్నీ మందం చేశాం, ఎందుకంటే జిరాక్స్‌కి జిరాక్స్ తీసేసరికి మొదట చచ్చేవి అవే. ముంపు ప్రాంతానికి వేసిన లేత నీలం పూత తీసేసి ఏటవాలు గీతలు పెట్టాం.

ఆ పూత తీసెయ్యడానికి ఇంకో కారణం కూడా ఉంది. పాత వర్డ్‌కి ఎస్‌వీజీ తెలియదు. ఆఫీస్ 2016 తర్వాతి వాటిలోనే ఆ సదుపాయం వచ్చింది. అందుకని మొదట ఈఎంఎఫ్‌కి మార్చి చూశాను. అదీ గీతల ఫార్మాటే, పాత వర్డ్‌కి బాగా తెలుసు. కానీ ఈఎంఎఫ్‌కి పారదర్శకత రాదు. సగం పారదర్శకంగా ఉన్న ముంపు పూత నీలం ముద్దగా మారి కింద ఉన్న బోదెలన్నిటినీ కప్పేసింది. ఊరంతా నిజంగానే మునిగినట్టుంది. పూత తీసేశాక ఈఎంఎఫ్ బాగానే పనిచేసింది, ఫోన్లలో మాత్రం నమ్మకం కుదరలేదు. కొన్నిటిలో ఖాళీ గడి వచ్చింది.

చివరికి వర్డ్ ఫైల్‌లో పెట్టింది పీఎన్‌జీ. నిపుణులు కొందరు ముఖం చిట్లిస్తారని తెలుసు. గీతల బొమ్మకి చుక్కల ఫార్మాట్ ఏంటని అడుగుతారు. లెక్క చూడండి. 160 మిల్లీమీటర్లంటే 6.3 అంగుళాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున 1890 పిక్సెళ్లు, 600 చొప్పున దాదాపు 3780. తెల్ల కాగితం మీద గీతలే కాబట్టి 600 పెట్టినా పీఎన్‌జీ ఫైల్ బరువెక్కదు. బ్లాక్ అండ్ వైట్ ప్రింటర్ మీద, ఆ తర్వాత జిరాక్స్ మీద, దీనికీ గీతల ఫార్మాట్‌కీ తేడా కనిపెట్టేవాళ్లు లేరు. ఏ వర్డ్‌లో అయినా, ఏ ఫోన్‌లో అయినా తెరుచుకుంటుంది. పీడీఎఫ్‌కి మాత్రం ఎస్‌వీజీ పెట్టిన వర్డ్ కాపీ నుంచి చేశాను, అందులో ఎంత పెంచినా గీత చెదరదు.

పీఎన్‌జీతో జాగ్రత్త ఒకటే. వర్డ్ తనంతట తానే బొమ్మల్ని కుదిస్తుంది, మామూలుగా అంగుళానికి 220 చుక్కలకి. ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్‌కి వెళ్లి 'ఇమేజ్ సైజ్ అండ్ క్వాలిటీ' కింద 'డు నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్' టిక్ పెట్టాలి, అదీ బొమ్మ పెట్టకముందే. ఒకసారి సేవ్ అయి కుదించుకుపోయాక టిక్ పెడితే పోయిన చుక్కలు తిరిగి రావు. ఈ టిక్ ఆ ఫైల్‌కే వర్తిస్తుంది, కంప్యూటర్‌లోని ఫైళ్లన్నిటికీ కాదు. ఆఫీసు వాళ్లు బొమ్మని కాపీ చేసి తమ నోట్‌లో పెడితే అక్కడ ఆ నోట్ అమరికే చెల్లుతుంది. అందుకని పీఎన్‌జీ ఫైల్‌ని విడిగా కూడా ఇచ్చాం, కాపీ కొట్టకుండా ఇన్‌సర్ట్ చేసుకోమని చెప్పి. ఇన్‌సర్ట్ చేసేటప్పుడు 'లింక్ టు ఫైల్' ఎంచుకోవద్దని కూడా చెప్పాం. లింక్ చేస్తే బొమ్మ ఫైల్‌లోకి రాదు, దాని దారి మాత్రమే వస్తుంది, ఇంకో కంప్యూటర్‌లో ఎర్ర గుర్తే మిగులుతుంది.

వాట్సాప్‌లో పంపాల్సి వస్తే ఫోటోలా కాకుండా డాక్యుమెంట్‌లా పంపమన్నాను. ఫోటోలా పంపితే అది కుదించి పంపుతుంది. మొదటి రోజుల్లో ఒక సభ్యుడు అలా వచ్చిన ఫోటోనే మళ్లీ వర్డ్‌లో అతికించారని తర్వాత తెలిసింది. ఆ కాపీలో కనపడ్డ మసక అదే.

ఆఫీసులో ప్రింటు తీసి, దానికి జిరాక్స్ తీసి, ఆ జిరాక్స్‌కి ఇంకో జిరాక్స్ తీసి చూశాం. తూము నంబర్లు, దూరాలు, లాకుల పేర్లు అన్నీ చదవగలిగేలా ఉన్నాయి. ఏటవాలు గీతలు కాస్త దగ్గరైనట్టు ఉన్నాయి, వాటిని ఎడం చేస్తే ఇంకా బాగుండేది. అప్పటికే కాగితాలు పైకి వెళ్లిపోయాయి, ఇక కదపలేదు.

ఇప్పుడు సంఘం దగ్గర ఒక ఫోల్డర్ ఉంది. అసలు డ్రా.ఐఓ ఫైల్, పాత్‌గా మార్చిన ఎస్‌వీజీ, పీఎన్‌జీ, తూముల పేర్ల జాబితా. పేరు మారితే అసలు ఫైల్‌లోనే మార్చి అక్కణ్ణించి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చెయ్యడం అమ్మాయి పని. ఒక తూము దూరం తప్పు పడిందని పెద్దాయన చెప్పినప్పుడు ఆ అమ్మాయే మార్చి పంపింది, నాకు ఫోన్ కూడా రాలేదు. ఈమధ్య అధ్యక్షుడు గారు దాళ్వాకి వంతులవారీ నీటి పట్టిక కూడా ఇలాగే బొమ్మగా చేసిపెట్టమన్నారు. "అది బొమ్మెందుకండీ, వర్డ్‌లో టేబులే. వంతు మారితే కాలువ చూసుకునే లస్కర్ల దగ్గరికెళ్లేలోపు మీరే దిద్దుకోవచ్చు" అన్నాను. ఒప్పుకున్నారు, కాకపోతే తేదీల వరసకి కాస్త రంగు వెయ్యమన్నారు.